ప్రోగ్రామర్‌ని ఇంజనీర్ అనొచ్చా? ఒక బిరుదు వెనక కథ

ఈరోజు కథ ఒక పెళ్ళితో మొదలుపెడదాం.

1957, ఆమ్‌స్టర్‌డామ్. పెళ్ళికొడుకు పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ఏదో లెక్కగట్టే అల్గారిథమ్ ఒకటుంది కదా, అది ఆయనదే. అక్కడ పెళ్ళి రిజిస్టర్‌లో వృత్తి ఏంటో రాయాలి. ఈయన 'ప్రోగ్రామర్' అన్నాడు. మునిసిపాలిటీ వాళ్ళు ఒప్పుకోలేదు. అలాంటి వృత్తే లేదు పొమ్మన్నారు. చివరికి ఆ కాగితం మీద 'సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త' అని పడింది. 1972లో ట్యూరింగ్ అవార్డు తీసుకుంటూ చేసిన ఉపన్యాసంలో ఈ సంగతి ఆయనే నవ్వుతాలుగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు మన పెళ్ళిచూపులకి రండి. "అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అండీ" అంటారు. అంతే, ఇంకెవరూ ఏమీ అడగరు. కోడ్ రాస్తాడా, టెస్టింగ్ చేస్తాడా, రాత్రంతా సపోర్ట్ కాల్స్ తీసుకుంటాడా, అవేవీ అక్కర్లేదు. బీఎస్సీ చదివి అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసినా, ఎంసీఏ చేసినా, ఐఐటీలో చదివినా, ఆఫర్ లెటర్ మీద ఇంజనీర్ అని ఉంటే ఇంజనీరే. నేనూ పదిహేనేళ్ళు ఆ బిరుదుతోనే జీతం తీసుకున్నాను కాబట్టి ఎవర్నీ తక్కువ చేసి మాట్లాడట్లేదు.

అరవై, డెబ్భై ఏళ్ళలో పేరే లేని వృత్తి ఇంత పెద్ద పేరు ఎలా తెచ్చుకుంది? ఆ పేరుకి తగ్గ బరువు మోస్తోందా? ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంజనీర్ అన్నది పాతకాలంలో యుద్ధం మాట. కోటగోడలు బద్దలుకొట్టే యంత్రాలు తయారుచేసేవాడు, కందకాలు తవ్వించేవాడు ఇంజనీరు. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ దండం పెట్టుకునే కాటన్ దొర కూడా సైన్యం మనిషే, మద్రాస్ ఇంజనీర్స్ దళం నుంచి వచ్చాడు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది ఒక మిలిటరీ ఇంజనీరు. ఇంగ్లండులో అంతకు ముందే జాన్ స్మీటన్ అనే ఆయన ఉండేవాడు. సముద్రంలో బండమీద ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్ కట్టినాయన. ఆయన "నేను సైన్యం వాణ్ణి కాదు, పౌరుల పనులు చేసే ఇంజనీర్ని" అని చెప్పుకోవడానికి తనను తాను సివిల్ ఇంజనీర్ అనుకున్నాడు. సివిల్ అంటే అసలు అర్థం సిమెంటూ ఇసకా కాదు, మిలిటరీ కానిది అని. 1771లో ఇలాంటి వాళ్ళంతా కలిసి లండన్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు.

ఇక్కడ ఒకటి గమనించండి. స్మీటన్ దగ్గర ఇంజనీరింగ్ డిగ్రీ ఏమీ లేదు, శాస్త్ర పరికరాలు తయారుచేసే పనితో మొదలైన మనిషి. రైలింజన్ల జార్జ్ స్టీఫెన్‌సన్‌కయితే పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చదవడమే రాదు. అలాంటాయన 1847లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకి మొదటి అధ్యక్షుడయ్యాడు. కాబట్టి "బీటెక్ లేదు కదా, ఇంజనీర్ ఎలా అంటాం" అనే వాదన నా దగ్గర నిలబడదు. మొదటి తరం ఇంజనీర్లంతా తమ బిరుదు తామే పెట్టుకున్నవాళ్ళు.

మరి ఆ బిరుదుకి తలుపులు, తాళాలు ఎందుకొచ్చాయి? మనుషులు చచ్చిపోయారు కాబట్టి.

కెనడాలో క్యూబెక్ నగరం దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద ఒక ఉక్కు వంతెన కడుతున్నారు. సలహాదారు థియోడర్ కూపర్, అమెరికాలో పేరుమోసిన వంతెనల ఇంజనీరు, ఉండేది న్యూయార్క్‌లో. మొదట మధ్య దూరం 1600 అడుగులు అనుకున్నారు, తర్వాత 1800 చేశారు. దూరం పెరిగితే ఉక్కు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. ఆ బరువు లెక్క మళ్ళీ సరిగ్గా వేయలేదు. తప్పు బయటపడేసరికి పని చాలా దూరం వచ్చేసింది, ఫరవాలేదులే అనుకున్నారు. ఉక్కు పని మొదలయ్యాక కూపర్ సైటుకి ఒక్కసారి కూడా రాలేదు. కింది భాగంలో ఉక్కు దూలాలు వంగుతున్నాయని సైటులో ఉన్న కుర్ర ఇంజనీరు నార్మన్ మెక్‌లూర్ కొలతలు తీసి పంపుతూనే ఉన్నాడు. చివరికి తనే రైలెక్కి న్యూయార్క్ వెళ్ళాడు. 1907 ఆగస్టు 29. కూపర్ అప్పటికి మేలుకుని, ఇంకేమీ బరువు పెట్టొద్దని టెలిగ్రామ్ కొట్టాడు. కొట్టింది ఎక్కడికి? క్యూబెక్‌కి కాదు, పెన్సిల్వేనియాలో ఉన్న కాంట్రాక్టు కంపెనీకి. సైటులో పని నడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం పని ముగిసే వేళకి వంతెన మొత్తం నదిలోకి కుప్పకూలింది. 75 మంది కూలీలు పోయారు. వాళ్ళలో చాలామంది కానవాగే అనే ఊరినుంచి వచ్చిన మోహాక్ తెగవాళ్ళు.

విచారణ కమిషన్ వేశారు. ఆ రిపోర్టులో పేర్లు పెట్టి రాశారు: తప్పు నిర్ణయాలు థియోడర్ కూపర్‌వి, డిజైన్ చేసిన పీటర్ స్లాప్కావి అని. ఈ పేర్లు పెట్టడం అన్న ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

1925 నుంచి కెనడాలో ఇంజనీర్లు చదువు అయ్యాక ఒక ప్రమాణం చేసి, పనిచేసే చేతి చిటికెన వేలికి ఇనుప ఉంగరం పెట్టుకుంటున్నారు. ఆ ప్రమాణం రాసింది రడ్‌యార్డ్ కిప్లింగ్. మొదటి ఉంగరాలు ఆ కూలిన వంతెన ఇనుముతో చేశారని అందరూ చెప్పుకుంటారు. అది నిజం కాదు, కథే. కానీ ఆ కథ ఇన్నేళ్ళు ఎందుకు బతికిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

రెండో చోటు అమెరికాలో టెక్సస్. తూర్పు టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరు, చుట్టూ చమురు బావులు, డబ్బున్న స్కూలు. 1937 మార్చి 18న బడి వదిలే ముందు గ్యాస్ లీకై భవనం పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ గ్యాస్‌కి అప్పట్లో వాసన ఉండేది కాదు. పక్కనున్న టైలర్ పట్నంలో కొత్త ఆసుపత్రికి మర్నాడు ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. అవన్నీ ఆపేసి ఆ సాయంత్రమే తలుపులు తెరిచారు. ఆ ఏడాదే టెక్సస్ ఇంజనీర్ల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. లైసెన్సు లేనివాడు ఇంజనీరునని చెప్పుకోకూడదు. గ్యాస్‌లో వాసన కలపడం కూడా అప్పుడే తప్పనిసరి చేశారు. మన వంటింట్లో సిలిండర్ లీకైతే వచ్చే ఆ పాడు వాసన ఉంది చూశారా, ఆ కుటుంబానికి చెందినదే.

టైలర్ పేరు కూడా గుర్తుంచుకోండి.

ఇక సాఫ్ట్‌వేర్ వైపు వద్దాం. 1945, 46 ప్రాంతంలో ఎనియాక్ అనే యంత్రానికి లెక్కలు ఎలా చేయాలో అమర్చిపెట్టింది ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళ ఉద్యోగం పేరు 'కంప్యూటర్', అంటే లెక్కలు కట్టే మనిషి. అది గుమాస్తా పనికింద లెక్క. యంత్రం చేసినవాళ్ళు ఇంజనీర్లు, దానితో పనిచేయించినవాళ్ళు గుమాస్తాలు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి యంత్రాలు చవకయ్యాయి, ప్రోగ్రాములు పెద్దవయ్యాయి, ఏదీ టైముకి పూర్తికావట్లేదు, పూర్తయినా నడవట్లేదు.

1968 అక్టోబరులో జర్మనీలో మంచుకొండల కింద గార్మిష్ అనే ఊళ్ళో నాటో వాళ్ళు ఒక సమావేశం పెట్టారు. ఓ యాభై మంది వచ్చారు, మన పెళ్ళికొడుకు డైక్‌స్ట్రాతో సహా. సమావేశం పేరు 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్'. ఆ పేరు కావాలనే, కాస్త రెచ్చగొట్టడానికే పెట్టామని వాళ్ళ రిపోర్టులోనే రాసుకున్నారు. అంటే ఏమిటి? మిగతా ఇంజనీరింగ్ శాఖలకి వెనక సిద్ధాంతం ఉంది, కట్టుబాట్లు ఉన్నాయి, మనకి లేవు, ఉండాలి అని. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వస్తువు పుట్టకముందే నామకరణం అయింది. నేను దీన్ని వెక్కిరింపుగా అనట్లేదు. నిజాయితీగా చేసిన నామకరణమే. చిక్కు ఏమిటంటే, తర్వాత వచ్చినవాళ్ళు సోమలింగం పుట్టేశాడనుకున్నారు.

అదే రోజుల్లో అమెరికాలో ఎంఐటీలో మార్గరెట్ హామిల్టన్ అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తోంది. మా పనిని కూడా ఇంజనీరింగ్ అనాలి అని ఆవిడ అంటే చుట్టూ ఉన్న హార్డ్‌వేర్ వాళ్ళు మొదట్లో జోకుల్లో వేశారట. ఆవిడ ఆదివారాలు కూతుర్ని కూడా ల్యాబ్‌కి తీసుకెళ్ళేది. ఒకరోజు ఆ పాప అంతరిక్షయాత్ర ఆట ఆడుతూ సిమ్యులేటర్ మీద ఏవో బటన్లు నొక్కింది. నౌక ఆకాశంలో ఉన్నట్టు నడుస్తుండగా, ప్రయోగానికి ముందు వాడే ప్రోగ్రాం మొదలైంది, వ్యవస్థ పడిపోయింది. హామిల్టన్ వెంటనే, వ్యోమగామి ఇదే పొరపాటు చేస్తే ఎలా, అడ్డుకునే కోడ్ పెడదాం అంది. పైవాళ్ళు వద్దన్నారు. వ్యోమగాములు అంత శిక్షణ పొందినవాళ్ళు, అలాంటి తప్పు చేయరు అన్నారు. కోడ్ బదులు, ఎగురుతున్నప్పుడు ఆ ప్రోగ్రాం ఎంచుకోవద్దని ఒక నోట్ రాసి పెట్టారు. గార్మిష్ సమావేశం అయిన రెండు నెలలకి, 1968 డిసెంబరులో, అపోలో 8లో జిమ్ లవెల్ సరిగ్గా అదే నొక్కాడు. దారి చూపే డేటా అంతా తుడిచిపెట్టుకుపోయింది. భూమ్మీద నుంచి మళ్ళీ పంపించి సరిచేశారు. ఆ తర్వాత ఆవిడ అడిగిన అడ్డు పెట్టనిచ్చారు.

నన్నడిగితే ఇంజనీర్ బుర్ర అంటే ఇదీ. మనిషి తప్పు చేస్తాడు అని ముందే ఒప్పేసుకోవడం. కానీ ఆవిడకీ వద్దని ఆపే అధికారం లేదు, గమనించండి. చెప్పగలిగింది, అంతే.

ఇప్పుడు టైలర్‌కి వెళ్దాం. 1986. అక్కడి క్యాన్సర్ కేంద్రంలో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఉంది. తయారీ కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్. అవును, ఇనుప ఉంగరాల దేశమే. దీనికన్నా ముందు వచ్చిన మోడళ్ళలో, తప్పు జరిగితే కరెంటు కోసేసే హార్డ్‌వేర్ అడ్డులు ఉండేవి. 25లో వాటిని చాలావరకు తీసేసి ఆ కాపలా పని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒక్క మనిషి రాశాడు, పాత మోడల్ కోడ్ మీద కట్టుకుంటూ కొన్నేళ్ళపాటు.

మార్చిలో ఒకరోజు ఆపరేటర్ టైప్ చేస్తూ ఎలక్ట్రాన్‌కి 'ఇ' కొట్టాల్సిన చోట ఎక్స్‌రేకి 'ఎక్స్' కొట్టింది. వెంటనే చూసుకుని, బాణం కీతో పైకి వెళ్ళి దిద్దేసింది. రోజూ చేసే పని, చెయ్యి వేగంగా తిరుగుతుంది. యంత్రంలో అయస్కాంతాలు సర్దుకోవడానికి ఓ ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపు దిద్దితే, తెర మీద దిద్దినట్టు కనిపించేది, లోపల మాత్రం సగం పాత లెక్క, సగం కొత్త లెక్క. 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది. అలాంటి మెసేజీలు రోజూ వస్తుంటాయి, అర్థం పుస్తకంలో సరిగ్గా ఉండదు. కొనసాగించు అని 'పి' నొక్కింది. లోపల బల్లమీద ఉన్న మనిషికి ఇవ్వాల్సినదానికి దాదాపు నూరు రెట్లు రేడియేషన్ తగిలింది. కొన్ని నెలలకి ఆయన చనిపోయాడు. అధిక మోతాదు అసాధ్యం అని కంపెనీ చెప్పింది. ఏప్రిల్‌లో అదే యంత్రం, అదే ఆపరేటర్, అదే మెసేజీ, ఇంకో మనిషి. ఈయన మూడు వారాలు బతికాడు. అప్పుడు ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త ఆ ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎంత వేగంగా కొడితే ఆ తప్పు వస్తుందో మళ్ళీ మళ్ళీ చేసి పట్టుకున్నాడు. కంపెనీ కాదు, ఆయన. 1985 నుంచి 1987 జనవరి దాకా వేర్వేరు ఊళ్ళలో ఇలాంటి ఘటనలు మొత్తం ఆరు.

తర్వాత నాన్సీ లెవ్సన్, క్లార్క్ టర్నర్ ఈ వ్యవహారం మొత్తం తవ్వి 1993లో రాశారు. ఒక్క ప్రోగ్రామర్ మీద తోసేయడం తప్పు అని తేల్చారు, ఆ మాట న్యాయమే. హార్డ్‌వేర్ అడ్డులు తీసేయమన్నది ఆయన కాదు, ఫిర్యాదులు తోసిపుచ్చింది ఆయన కాదు. 1986లోనే ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. నన్ను ఆపేసిన విషయం వేరే. ఆయన చదువేమిటి, అనుభవమేమిటి అన్నది కోర్టు వాంగ్మూలాల్లో కూడా తేలలేదు. పేరు ఈరోజుకీ బయటికి రాలేదు. క్యూబెక్ వంతెనకి థియోడర్ కూపర్ అని రాయగలిగారు. ఇక్కడ రాయడానికి పేరే లేదు.

న్యూ లండన్ బడి నుంచి టైలర్‌కి కారులో గంట కూడా పట్టదు. ఆ బడి పేలుడుతో ఇంజనీర్ అనే మాటకి తాళం పడింది. యాభై ఏళ్ళ తర్వాత అదే ప్రాంతంలో జరిగిన దానికి ఏ తాళమూ వర్తించలేదు.

1998లో టెక్సస్ రాష్ట్రం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకీ లైసెన్సు ఇస్తామంది, అమెరికాలో అదే మొదలు. అదే ఏడాది హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు, మన ఇళ్ళలో ఆ బిరుదు ఇంటిపేరులా మారడం మొదలైంది. టెక్సస్ పద్ధతిని కంప్యూటర్ వాళ్ళ పెద్ద సంఘం ఏసీఎం 1999లో వ్యతిరేకించింది. ఏది సురక్షితమైన సాఫ్ట్‌వేరో తేల్చే విద్యే ఇంకా స్థిరపడలేదు, లైసెన్సు ఇస్తే లేని భరోసా ఇచ్చినట్టవుతుంది అని వాళ్ళ వాదన. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. 2013లో అమెరికా అంతటికీ ఒక లైసెన్సు పరీక్ష పెట్టారు. అయిదుసార్లు నిర్వహిస్తే రాసినవాళ్ళు మొత్తం 81 మంది. 2019 ఏప్రిల్‌తో ఎత్తేశారు. లక్షలాది మంది వాడుకునే బిరుదుకి పరీక్ష పెడితే ఒక క్లాసురూము నిండింది.

కెనడాలో కోర్టులదాకా వెళ్ళింది. 'ఇంజనీర్' అని ఉన్న సర్టిఫికెట్ల విషయంలో క్యూబెక్‌లో మైక్రోసాఫ్ట్ మీద 2004లో తీర్పు వచ్చింది, జరిమానా పడింది. కానీ 2023లో అల్బర్టాలో గాలి తిరిగింది. అక్కడి కోర్టు ఒక కంపెనీ ఉద్యోగులు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని పెట్టుకుంటే తప్పులేదంది, ప్రభుత్వం కూడా చట్టం మార్చి ఆ పేరుకి తలుపు తీసింది.

మన దేశం సంగతి రెండు మాటల్లో చెప్తాను. డాక్టరుకి మెడికల్ రిజిస్టర్ ఉంది, లాయరుకి బార్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టుకి 1972 చట్టం ఉంది. ఇంజనీరుకి అలాంటి జాతీయ చట్టమే లేదు. ఆ 1972 చట్టం గురించి 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: అది కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరుని మాత్రమే, ఆ పని ఇతరులు చేయకూడదని కాదు అని. మరి మన కంపెనీల్లో 'సొల్యూషన్ ఆర్కిటెక్ట్'లు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి.

మా మేనమామ ఇరిగేషన్‌లో ఏఈగా చేసి రిటైరయ్యాడు. మీలో ఆ శాఖ తెలిసినవాళ్ళకి ఎం-బుక్ అంటే తెలుసు, మెజర్‌మెంట్ బుక్. కాలువలో ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీశారు, లైనింగు ఎంత మందం పోశారు, అన్నీ ఏఈ కొలిచి అందులో రాసి సంతకం పెట్టాలి. దాని మీద డీఈ తనిఖీ చేసి సంతకం. ఆ సంతకం లేనిదే బిల్లు కదలదు. కాంట్రాక్టర్లు ఆ పుస్తకం చుట్టూ తిరిగినంతగా గుడి చుట్టూ తిరగరు. దాంట్లో అవినీతి లేదా అంటే, ఉంది, మామయ్యే చెప్పేవాడు. కానీ గట్టు తెగితే ఎవర్ని పిలవాలో పుస్తకం చెప్తుంది.

నేను ఒక కంపెనీలో ఉండగా ఆరోగ్య బీమా క్లెయిములు చూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. తేదీల లెక్కలో ఒక తప్పు దొరికింది. దానివల్ల కొన్ని క్లెయిములు గడువు దాటాయని వాటంతట అవే తిరస్కారం అయిపోతున్నాయి. చెప్పాను. వచ్చే రిలీజులో చూద్దామన్నారు. ఆ రిలీజు ఆరు వారాలకి వచ్చింది. ఈలోగా ఎంతమందికి కాదని ఉత్తరం వెళ్ళిందో నేను లెక్క తీయలేదు. తీయమని ఎవరూ అడగలేదు కూడా.

ఈ సంగతి ఒకసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మామయ్యకి చెప్పాను.

"ఏరా, మీ పనికి ఎం-బుక్ ఏదిరా?" అన్నాడు.

"గిట్ అని ఒకటుంది మామయ్యా. ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో మొత్తం అందులో ఉంటుంది."

"అది మస్టర్ రోల్ రా. ఎవడు ఏ రోజు మట్టి మోశాడో చెప్తుంది. ఇది చాలు, నీళ్ళు వదలొచ్చు అని సంతకం పెట్టిందెవరు?"

నా దగ్గర జవాబు లేదు. డెలివరీ మేనేజర్ ఒక మెయిల్ పెడతాడు, అందరూ బాగా చేశారని. అది సంతకం కాదు.

కాబట్టి నా అభిప్రాయం అడిగితే, ఇది చదువు తగాదా కాదు, తెలివి తగాదా అసలే కాదు. హామిల్టన్‌కి ఉన్నంత ఇంజనీర్ బుర్ర డిగ్రీ ఉన్న చాలామందికి లేదు. సరిపోలేదు, నేను ఒప్పుకోను అని రాసివ్వగలిగే హక్కు, ఒప్పుకున్నాక పేరు పెట్టుకునే బాధ్యత, రెండూ ఉన్న కుర్చీలో కూర్చున్నవాడు ఇంజనీరు. విమానాల సాఫ్ట్‌వేర్‌లో, కొన్ని వైద్య పరికరాల పనిలో దానికి దగ్గరగా వచ్చిన పద్ధతులున్నాయి, అక్కడివాళ్ళని అనండి. ఆ ఆరు వారాలు నేను ఇంజనీర్ని కాదు. ప్రోగ్రామర్ని. యాప్‌లో బటన్ రంగు మార్చేవాడి దగ్గర సంతకం అడగమని నేను అనట్లేదు, ప్రతి పనికీ ఎం-బుక్ పెడితే ఏ పనీ సాగదు. క్లెయిము, మందు మోతాదు, బ్రేకు, జైలుశిక్ష, వీటిని తేల్చే కోడ్ దగ్గర మాత్రం అడుగుతాను.

డైక్‌స్ట్రా సంగతి సగంలో వదిలేశాను. 1984లో ఆయన అమెరికా వచ్చి స్థిరపడ్డాడు. ఎక్కడనుకున్నారు? టెక్సస్‌లోనే, ఆస్టిన్ యూనివర్సిటీలో. 1998లో ఆ రాష్ట్రం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ లైసెన్సులు మొదలుపెట్టినప్పుడు ఆయన అక్కడే పాఠాలు చెప్తున్నాడు. ఆ పేరంటే ఆయనకి మంట. ప్రోగ్రామింగ్ రాకుండానే ప్రోగ్రామింగ్ చేయడం ఎలా అన్నదే ఆ శాఖ పెట్టుకున్న లక్ష్యం అని 1988లోనే రాసిపెట్టాడు. పెళ్ళి రిజిస్టర్ వాళ్ళు కాదన్న ఆ పాత మాటే ఆయనకి చివరిదాకా ఇష్టం.

మీ ఆఫీసులో 'నీళ్ళు వదలొచ్చు' అనే సంతకం ఎవరిదో కింద రాయండి, కంపెనీ పేరు మాత్రం వద్దు.